లండన్ పిలుపు: ‘క్లాష్’ బృందం కథ

రేడియో ఉన్న ప్రతి ఇంటికీ ఒక పిలుపు తెలుసు. మీట తిప్పగానే గరగర శబ్దంలోనుండి తేలివచ్చి, ఇది ఆకాశవాణి అని, ఫలానా కేంద్రమని చెప్పే మాట అది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రం ప్రారంభమైన తరువాత ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలలోని ఇళ్ళకు ఆ మాట బంధువు గొంతువలె పరిచితమైనది. అటువంటి పిలుపు లండనుకూ ఒకటి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బి.బి.సి. వారు విదేశాలకు చేసే ప్రసారాలలో ‘లండన్ కాలింగ్’, అనగా ‘లండన్ పిలుస్తున్నది’ అని పలికేవారు. జర్మను సైన్యాల ఆక్రమణలో ఉన్న దేశాలవారు తలుపులు మూసుకొని, శబ్దం తగ్గించి, ఆ పిలుపునకు చెవి ఒగ్గి కూర్చునేవారు. తాడేపల్లిగూడెంలో బ్రిటిషువారు విమానాలకై రన్‌వే నిర్మించినది ఆ యుద్ధకాలంలోనే గనుక, ఆ పిలుపు మన ప్రాంతానికి మరీ పరాయిది కాదు.

ఆ మాటలనే 1979 డిసెంబరులో నలుగురు యువకులు తమ పాటకూ, ఆ పాట మొదట వినిపించే రికార్డుల జతకూ పేరుగా పెట్టుకున్నారు. వారి బృందం పేరు ‘క్లాష్’. ఘర్షణ అని దానికి అర్థం. యుద్ధకాలపు పిలుపును శాంతికాలంలో వారెందుకు ఎత్తుకున్నారు? ఆ పాటలో లండను నగరాన్ని బెదిరించేది శత్రువుల విమానం కాదు, నీరు. థేమ్సు నది పొంగి నగరాన్ని ముంచునేమో అన్న భయం అందులో ఉన్నది. అణువిద్యుత్తు వలన కలిగే ప్రమాదమూ ఉన్నది. ఆ సంవత్సరమే మార్చి 28వ తేదీన అమెరికాలోని త్రీ మైల్ ఐలెండు అణుకేంద్రంలో ప్రమాదం సంభవించినది. థేమ్సును గూర్చిన భయమూ కవి కల్పన కాదు. 1953లో ఉత్తర సముద్రం పొంగి ఇంగ్లండు తూర్పు తీరంలో మూడు వందలకు పైగా ప్రాణాలు తీసినది. అటుపైన లండనుకు దిగువను నదికి అడ్డంగా, అవసరమైనప్పుడు పైకి లేచే ఉక్కు తలుపుల కట్టడం తలపెట్టినారు. పాట వెలువడిన నాటికి ఆ నిర్మాణం ఇంకా సాగుతూనే ఉన్నది. 1982లో గాని అది వాడుకలోనికి రాలేదు.

కొల్లేటి ఒడ్డు పాఠకులకు ఈ పాటలోని భయాన్ని విప్పి చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సులోనికి చేరితే, ఆ నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి ఇరుకైనప్పుడు లంకలకు ఏమగునో, ఏలూరు పల్లపు వీధులకు ఏమగునో ఇక్కడి పెద్దలకు అనుభవమే నేర్పినది. మేము ఈ పాటను మొదటిసారి విన్నది ఒక వానాకాలపు రాత్రి. మాటలు సగం తెలియలేదు. కాని ఆగి ఆగి పడే గిటారు దెబ్బలోను, తోడేలు ఊళవలె లేచే ఆ అరుపులోను, తమ్మిలేరు గట్టుమీద లాంతరు పట్టుకొని నీటిమట్టం చూచివచ్చిన మనిషి కంగారు మాకు వినబడినది. ఈ నలుగురు ఎవరో తెలుసుకోవలెనన్న కోరిక మాకు కలిగినది అప్పుడే.

వీరి సంగీతానికి ‘పంక్’ అని పేరు. ఆ మాట ఇంగ్లీషులో గౌరవవాచకం కాదు. పనికిమాలినవాడని, పోకిరి అని అర్థం. 1970ల నడుమ ఇంగ్లండులో ధరలు పెరిగినవి, పనులు తగ్గినవి. 1976లో ఆ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి వద్ద అప్పు కోరవలసి వచ్చినది. బడి విడిచిన పిల్లలకు ఉద్యోగాలు లేవు. కాని రాక్ సంగీతం మాత్రం మహావైభవంతో ఉన్నది. ఒక్కొక్క పాట పావుగంట. దానికి లారీల కొద్దీ పరికరాలు. పాడేవారికి స్వంత భవనాలు. వినే కుర్రవానికీ వేదికకూ నడుమ ఏనుగు దూరినా చాలనంత ఎడం ఏర్పడినది. ఆ ఎడంమీదనే పంక్ కుర్రవాళ్ళకు కోపం. పాట రెండు మూడు నిమిషాలకు మించరాదు, మాట ఈనాటి వీధిలోనిది కావలెను, విద్వత్తు లేదన్న కారణంతో ఎవనినీ వేదిక దింపరాదు అన్నవి వారి నియమాలు. గిటారుమీద మూడు ‘కార్డు’లు, అనగా కొన్ని స్వరాలను ఒక్కసారిగా పలికించే మూడు పట్లు, వస్తే చాలునని వారి వాదం. రాగాలాపన విని పెరిగిన మన చెవికి మొదట ఇది రొదగా తోచుట సహజమే. మాకును అట్లే తోచినది.

అయితే బుర్రకథ విన్న చెవికి ఇందులో ఒక దారి దొరకును. బుర్రకథకు కావలసినదెంత? కథకుని భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. హాలు అక్కరలేదు, తెర అక్కరలేదు. పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట పోయే జనం నిలిచే చోటైనా, కాలువగట్టున రావిచెట్టు నీడైనా అదే రంగస్థలం. వంతలలో ఒకరు హాస్యగాడు, మరొకరు రాజకీయం చెప్పేవాడు. బొబ్బిలి కథ నడుమ నేటి పన్నును గూర్చి, బియ్యం ధరను గూర్చి ఒక విసురు విసరవచ్చును. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను ఎత్తుకొని ఊరూరా తిప్పినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు దానికి శిఖరం. ఆయన బెంగాలు కరువును బుర్రకథగా చెప్పినప్పుడు అది పత్రికలో ఆనాడే వస్తున్న వార్త. ప్రజానాట్యమండలి నాటకాలలో ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. ఆ తరువాత కాలం తిరిగినది. నాజరు కథ 1953లో ‘పుట్టిల్లు’ చలనచిత్రంలోనికి వచ్చినది. బుర్రకథ రేడియోలోనికి వచ్చినది. కుటుంబ నియంత్రణ ప్రచారానికి ప్రభుత్వమే బుర్రకథ దళాలను పంపినది. 1986లో నాజరుకు పద్మశ్రీ లభించినది. కోపంతో పుట్టిన కళను కొనేవారు వచ్చినప్పుడు, ఆ కళాకారులు ఏమి చేయవలెను? నాజరు నిండు సంగీతం నేర్చినవాడు, గంటల తరబడి కథ నడిపినవాడు. రెండు నిమిషాల పంక్ పాటతో ఆయనకు పోలిక అంతదూరం పోదు. ప్రశ్న మాత్రం ఒక్కటే. క్లాష్ వారి పదేండ్ల చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగినది.

ఈ బృందానికి గొంతు జో స్ట్రమ్మర్. అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1952 ఆగస్టు 21వ తేదీన టర్కీ రాజధాని అంకారాలో జన్మించినాడు. తండ్రి బ్రిటిషు విదేశాంగశాఖ ఉద్యోగి. ఆ తండ్రి పుట్టినది మన లక్నోలో. తొమ్మిదవ యేట హాస్టలు బడిలో విడువబడిన ఈ పిల్లవాడు పెద్దవాడై, ఖాళీ ఇళ్ళలో అనుమతి లేకుండ కాపురముండే కుర్రవాళ్ళతో కలిసి చిన్న బృందం నడిపినాడు. గిటారు తీగలను ఒక్కొక్కటిగా మీటుట రాక, ఆరింటినీ కలిపి బాదేవాడు. ఆ బాదుటకు ఇంగ్లీషులో ‘స్ట్రమ్’ అని పేరు. తన లోపాన్నే ఇంటిపేరుగా పెట్టుకొన్నాడన్నమాట. రెండవవాడు మిక్ జోన్స్. అమ్మమ్మ వద్ద, నగరపాలక సంస్థవారి ఎత్తైన మేడలో పెరిగినవాడు. స్వరాలు కూర్చుట అతని పని. మూడవవాడు పాల్ సైమనన్ చిత్రకళ చదివినవాడు. బేస్ గిటారు వాయించుట ఏ మాత్రం రాదు. జోన్స్ నేర్పగా, ఏ స్వరం ఎక్కడ ఉన్నదో గిటారు మెడమీద రంగుతో వ్రాసుకొని వాయించినాడు. బృందానికి పేరు పెట్టినది ఇతడే. పత్రికల శీర్షికలలో ఆ మాట మాటిమాటికి కనబడుటచే అది తోచినదట. డ్రమ్ములకు మొదట టెర్రీ చైమ్స్, 1977 నుండి నిక్ హెడన్. టాపర్ అని హెడన్‌కు ముద్దుపేరు. నలుగురిలో సంగీతం నిండుగా వచ్చినవాడు అతడొక్కడేనని మా అభిప్రాయం.

1976 జులై 4వ తేదీన షెఫీల్డు పట్టణంలో వారి మొదటి ప్రదర్శన జరిగినది. ఆ రాత్రి వారు సెక్స్ పిస్టల్స్ అనే మరొక పంక్ బృందానికి ముందు వాయించినారు. ఆ పిస్టల్స్ వారే మరుసటి యేడు రాణీగారి సింహాసనారోహణ రజతోత్సవ సమయంలో విడుదల చేసిన పాటను బి.బి.సి. నిషేధించినది. నిషేధం వలన ఆ రికార్డు అమ్మకం తగ్గలేదు, జాబితాలో రెండవ స్థానానికి ఎక్కినది. నిషేధించుట ఉచితమా కాదా అన్నది వేరు మాట. నిషేధం ఒక ప్రకటన వంటిదని రేడియో నడిపేవారికి తెలియవలెను గదా!

క్లాష్ వారి దారి కొంత వేరు. పిస్టల్స్ పాటలో కూలద్రోయుట ఉన్నది. వీరి పాటలో తరువాత ఏమన్న ప్రశ్న ఉన్నది. 1976 ఆగస్టు 30వ తేదీన లండనులోని నాటింగ్‌హిల్ ఉత్సవంలో, వెస్టిండీసు నుండి వచ్చి స్థిరపడిన నల్లజాతి యువకులకూ పోలీసులకూ నడుమ అల్లరి చెలరేగినది. స్ట్రమ్మర్, సైమనన్ అక్కడ ఉన్నారు. ఆ యువకుల తెగువను చూచి, తెల్లవారిలో బీదలకు ఆ పాటి నోరు లేకపోయెనే అని వ్రాసినదే వారి మొదటి రికార్డు ‘వైట్ రయట్’. పేరు మాత్రమే విన్నవారు అది జాత్యహంకారమని పొరబడినారు. పాట శీర్షిక అంత ముక్కుసూటిగా ఉండుట మంచిది కాదని మేమును అంటాము. కాని జమైకావారి ‘రెగే’ బాణీని పంక్‌లోనికి తెచ్చినదీ, 1978 ఏప్రిల్ 30వ తేదీన విక్టోరియా పార్కులో జాతివిద్వేషానికి వ్యతిరేకంగా వేలాది జనం ముందు పాడినదీ వీరే గనుక, వారి ఉద్దేశ్యం విషయంలో సందేహానికి తావులేదు.

కొనేవారు చాల త్వరగా వచ్చినారు. 1977 జనవరిలో సి.బి.యస్. అనే పెద్ద రికార్డుల కంపెనీ లక్ష పౌన్లకు వీరితో ఒప్పందం వ్రాయించుకొన్నది. అప్పటికి వారు మొదటి ప్రదర్శన ఇచ్చి ఏడు నెలలైనా కాలేదు. పంక్ ఆనాటితోనే చచ్చిపోయినదని ఒక చిన్న పత్రిక సంపాదకుడు తీర్పు చెప్పినాడు. ఏప్రిల్‌లో మొదటి ఎల్.పి. రికార్డు వెలువడినది. ఇంగ్లండులో అది పన్నెండవ స్థానానికి చేరినది. ఆ కంపెనీ అమెరికా శాఖవారు మాత్రం, ఇంత మోటు ధ్వని రేడియోకు పనికిరాదని విడుదలే చేయలేదు. అక్కడివారు ఓడలలో తెప్పించుకొని లక్ష ప్రతులకు పైగా కొన్నారు. కంపెనీ కళ్ళు తెరచి, పాటలు కొన్ని మార్చి 1979లో అచ్చట విడుదల చేసినది.

ఈలోగా బృందాన్ని అడుగకుండ కంపెనీ ఒక పాటను విడిగా విడుదల చేసినది. దానికి జవాబుగా వారు ఆ సంగతినే పాట కట్టి, ‘కంప్లీట్ కంట్రోల్’ అను పేర అదే కంపెనీ చేత అచ్చువేయించినారు. జమీందారు దివాణంలో నిలబడి దివాణాన్నే తిట్టి, బహుమానం పుచ్చుకొని వచ్చిన చాటుకవుల కథలు మనకు ఉన్నవి. ఇది ఆ తరహా.

అయితే మాటలలో తిరుగుబాటు తేలిక. ఈ బృందం తన చేతి డబ్బుతో చేసిన తిరుగుబాటును గూర్చి కొంత వివరంగా చెప్పవలెను. 1979 వేసవిలో వారికి అప్పులున్నవి, మేనేజరు లేడు. లండనులో ఒక మోటారు షెడ్డు వెనుక గదిలో చేరి, సాయంత్రం బంతియాట ఆడుతూ, రాత్రి వరకు సాధన చేసినారు. రికార్డింగు పర్యవేక్షించిన గై స్టీవెన్స్ అనే ఆయన పాట నడుస్తూ ఉండగా కుర్చీలు విసరివేసేవాడట. ఆవేశం పుట్టించుటకు అది ఆయన పద్ధతి. ఆ గొడవలోనుండి పందొమ్మిది పాటలు వచ్చినవి. రెగే, పాత రాక్, జాజ్ బాణీలు అన్నీ వాటిలో కలిసినవి. మూడు పట్లు చాలునన్నవారు మూడేండ్లలో ఎంత నేర్చినారో ఆ రికార్డు సాక్ష్యం. పందొమ్మిది పాటలు ఒక రికార్డులో పట్టవు; రెండు కావలెను. రెండింటి ధర కుర్రవాళ్ళు పెట్టలేరు. కనుక రెండు రికార్డులను ఒక్కదాని ధరకే అమ్మవలెనని పట్టుబట్టి సాధించినారు. అదియే ‘లండన్ కాలింగ్’. చివరి పాట ఆఖరు నిమిషంలో చేరినందున అట్టమీద దాని పేరైనా లేదు.

మరుసటి యేడు, 1980 డిసెంబరులో, మూడు రికార్డులు, ముప్పది ఆరు పాటలు. పేరు ‘సాండినిస్టా’. నికరాగ్వాలో నియంతను కూలద్రోసిన విప్లవకారుల పేరది. దీనిని కూడ చవుకగా అమ్మవలెనన్నప్పుడు కంపెనీ ఒప్పుకొనలేదు. తుదకు ఇంగ్లండులో అమ్ముడుపోయే మొదటి రెండు లక్షల ప్రతులపై తమకు రావలసిన రాయల్టీని బృందం వదులుకొన్నది. రాయల్టీ అనగా ప్రతి రికార్డు అమ్మకంలో పాడినవానికి చేరే భాగం. వాని భుక్తి అదే. అంత త్యాగం చేసి అందించిన ముప్పది ఆరు పాటలలో ఒక పన్నెండు తీసివేసినను నష్టముండెడిది కాదు. అది మా రుచి. కాని వినేవానిమీద భారం వేయకుండ తమమీద వేసుకొన్నారన్న మాట మిగులును. 1981లో న్యూయార్కు నగరంలో ఒక హాలులో ఎనిమిది రోజులు పాడుటకు కుదిరినది. హాలువారు పట్టే జనంకంటె ఎక్కువ టిక్కెట్లు అమ్మినందున అగ్నిమాపక శాఖ అడ్డుచెప్పినది. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ విని పోవలెనని, వారు మొత్తం పదిహేడు ప్రదర్శనలు ఇచ్చి ఆ బాకీ తీర్చినారు.

కంపెనీ వీరిని లొంగదీయలేదు. ఇంటిలోని కీడు లొంగదీసినది. 1982 మే నెలలో వెలువడిన ‘కంబాట్ రాక్’ వారికి అన్నిటికన్న ఎక్కువ డబ్బు తెచ్చినది. అందులో ‘రాక్ ది కాస్బా’ అనే పాట అమెరికాలో మొదటి పదింటిలోనికి ఎక్కినది. దానికి సంగీతం దాదాపుగా హెడన్ ఒక్కడే కూర్చి, పియానో, బేస్ గిటారు, డ్రమ్ములు తానే వాయించినాడు. ఆ పాట ఊరూరా మ్రోగే నాటికి హెడన్ బృందంలో లేడు. హెరాయిన్ అనే మత్తుమందు అలవాటు వలన అతనిని పంపివేసినారు. మరుసటి యేడు సెప్టెంబరులో మిక్ జోన్స్‌ను పంపివేసినారు. వేళకు రాడని, గొప్పవాడైపోయినాడని నింద. పాటలకు స్వరం కూర్చే చేతిని తామే నరుకుకొన్నామని స్ట్రమ్మర్ గ్రహించుటకు ఆలస్యమైనది. ఆ తరువాత అతడే తన తప్పు ఒప్పుకొన్నాడు.

మిగిలినవారు క్రొత్తవారిని చేర్చుకొని కొంతకాలం నడిపినారు. 1985 మే నెలలో వారు చేసిన పని ఒకటి మాకు నచ్చును. మైకులు, దీపాలు, లారీలు అన్నీ విడిచి, మామూలు గిటార్లు పట్టుకొని, దారిన పోయే బండ్లను ఆపి ఎక్కి, ఉత్తర ఇంగ్లండు పట్టణాల వీధులలో నిలబడి పాడినారు. జంగం దేవరవలె అన్నమాట. ఆ సంవత్సరాంతాన వచ్చిన చివరి రికార్డు మాత్రం వారి పేరుకు తగినది కాదు. 1986లో బృందం ముగిసినది.

పాటలు ముగియలేదు; వాటిని వాడుకొనేవారు ఎప్పుడూ ఉందురు. 1991లో లీవైస్ అనే పంట్లాముల ప్రకటనలో చేరిన వారి పాత పాట ఒకటి ఇంగ్లండులో మొదటి స్థానానికి ఎక్కినది. బృందం బ్రతికి ఉన్నన్నాళ్ళు అక్కడ ఆ స్థానం వారికి దక్కలేదు. అదే సంవత్సరం గల్ఫు యుద్ధంలో అమెరికా సైనిక రేడియో ‘రాక్ ది కాస్బా’ను వాయించినది. పాటను నిషేధించిన పాలకుని జనం ధిక్కరించినట్లు చెప్పే వేళాకోళపు పాట అది. బాంబుమీద ఆ మాటలు వ్రాసినారని తెలిసి స్ట్రమ్మర్ కన్నీరు పెట్టుకొన్నాడని చెబుతారు.

1998 నుండి కొన్నాళ్ళు అతడు బి.బి.సి. ప్రపంచ ప్రసారాలలో తనకు నచ్చిన దేశదేశాల పాటలను వినిపించే కార్యక్రమం నడిపినాడు. దాని పేరు కూడ ‘లండన్ కాలింగే’. 2002 నవంబరు 15వ తేదీన లండనులోని ఆక్టన్ పట్టణ మందిరంలో, సమ్మెలో ఉన్న అగ్నిమాపక సిబ్బంది సహాయార్థం అతడు పాడుతూ ఉండగా, ప్రేక్షకులలో కూర్చున్న మిక్ జోన్స్ లేచి వేదిక ఎక్కి గిటారు అందుకొన్నాడు. ఇద్దరూ కలిసి వేదికమీద పాడి దాదాపు ఇరువది సంవత్సరాలైనది. డిసెంబరు 22వ తేదీన, పుట్టుకతోనే గుండెలో ఉండి ఎవరికీ తెలియని లోపం వలన, జో స్ట్రమ్మర్ తన ఇంటిలో కన్నుమూసినాడు. అతనికి అప్పుడు ఏబది యేండ్లు.